పక్కన పెట్టేసిన చీతా మళ్లీ వేటకొచ్చింది: గెపార్డ్ కథ

2010 ప్రాంతంలో జర్మనీ సైన్యం ఇక దీంతో పని లేదని పక్కన పెట్టేసిన బండి ఇది. పేరు గెపార్డ్, జర్మన్‌లో చీతా అని అర్థం, పని ఆకాశంలో ఎగిరేవాటిని గన్నులతో కూల్చడం. దూరం నుంచి చూస్తే యుద్ధ ట్యాంకే అనుకుంటాం, ఎందుకంటే కింద ఉన్న బాడీ నిజంగానే లెపర్డ్ 1 ట్యాంకుది, గొలుసు చక్రాలు, 830 హార్స్‌పవర్ ఇంజన్, 47 టన్నుల పైనే బరువు. కానీ పైన ఒక్క పెద్ద ఫిరంగి బదులు టరెట్‌కి, అంటే చుట్టూ తిరిగే పైభాగానికి, అటొకటి ఇటొకటి సన్నగా పొడుగ్గా రెండు గన్ను గొట్టాలు, వెనకవైపు నెత్తిమీద తిరుగుతూ ఒక రాడార్, ముందువైపు ఇంకో రాడార్ ఉంటాయి. 2022 జులైలో మొదటి మూడు బండ్లు ఉక్రెయిన్ చేరాయి, ఆ తర్వాత రష్యా వదిలే షాహెద్ డ్రోన్లని కూల్చడంలో దీనికి వచ్చిన పేరు అంతా ఇంతా కాదు.

మిస్సైళ్లు వచ్చాక విమానాల్ని గన్నుతో కొట్టడం పాతకాలం పని అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఈ బండి లోపల జరిగే లెక్క ఏంటో చదివాక ఆ అభిప్రాయం పూర్తిగా మారిపోయింది.

మామూలుగా మనం అనుకునేది ఏంటంటే, విమానం కనిపించింది, దాని మీదకి గురిపెట్టి కాల్చారు, పడిపోయింది. అలా కాలిస్తే ఒక్క షెల్ కూడా తగలదు. దీని 35 ఎం.ఎం. షెల్ గొట్టంలోంచి సెకనుకి దాదాపు 1,175 మీటర్ల వేగంతో బయటికొస్తుంది, కానీ గాలి అడ్డు వల్ల ఆ వేగం తగ్గుతూ పోతుంది కాబట్టి 3 కిలోమీటర్ల దూరం చేరడానికి ఓ 4 సెకన్లు పడుతుందనుకుందాం. గంటకి 180 కిలోమీటర్ల వేగంతో పోయే డ్రోన్ ఆ 4 సెకన్లలో 200 మీటర్లు ముందుకెళ్లిపోతుంది, అదే సెకనుకి 250 మీటర్లు పోయే ఫైటర్ జెట్ అయితే ఏకంగా కిలోమీటరు. అంటే విమానం ఉన్న చోటికి కాదు, ఇప్పుడు ఏమీ లేని ఖాళీ ఆకాశంలోకి కాల్చాలి, షెల్ విమానం రెండూ ఒకే క్షణానికి అక్కడికి చేరాలి.

ఆ ఖాళీ చోటు ఎక్కడో తేల్చడానికే ఇంత హంగామా. వెనక రాడార్ చుట్టూ తిరుగుతూ 15 కిలోమీటర్ల దాకా వెతుకుతుంది, కనిపించింది మనవాళ్లదా శత్రువుదా అని చూసుకున్నాక దాన్ని ముందు రాడార్‌కి అప్పగిస్తారు. ముందు రాడార్ ఆ ఒక్కదాన్నే వదలకుండా పట్టుకుని దూరం, దిక్కు, వేగం క్షణక్షణం కంప్యూటర్‌కి పంపిస్తూ ఉంటే వెనకది మాత్రం తన వెతుకులాట ఆపదు, కాబట్టి ఒకదాన్ని కొడుతుండగా ఇంకోటి దూరి వస్తే తెలిసిపోతుంది. చెట్లు, గుట్టలు, ఇళ్ల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనుల మధ్య తక్కువ ఎత్తులో వచ్చేదాన్ని ఎలా గుర్తుపడుతుందంటే, కదిలే వస్తువు నుంచి తిరిగొచ్చే తరంగం ఫ్రీక్వెన్సీ కాస్త మారుతుంది, కదలనిదాని నుంచి మారదు, అందుకని మారనివన్నీ తీసేస్తుంది.

నాకు బాగా నచ్చిన భాగం మాత్రం గొట్టాల చివర ఉంటుంది. ఈ బండి ఫోటో ఏదైనా జాగ్రత్తగా చూస్తే రెండు గొట్టాల మూతి దగ్గరా లావుగా డబ్బాలాంటిది కనిపిస్తుంది. అది ప్రతి షెల్ బయటికొచ్చే వేగాన్ని కొలిచే సెన్సార్. ఎందుకు కొలవాలి, 1,175 అని ముందే తెలుసు కదా అంటే, గొట్టం వేడెక్కినా, వాడకంతో అరిగినా, మందుగుండు చల్లగా ఉన్నా ఆ వేగం మారిపోతుంది. ఒక్క శాతం తగ్గిందనుకోండి, 4 సెకన్ల ప్రయాణం కాస్తా 4.04 సెకన్లు అవుతుంది, ఆ సెకనులో ఇరవై ఐదో వంతు సమయంలో జెట్ 10 మీటర్లు జరిగిపోతుంది. లెక్క అంత గట్టిగా చేసి కూడా గురి తప్పినట్టే. అందుకే కొలిచిన వేగాన్ని వెంటనే కంప్యూటర్‌కి ఇచ్చి లెక్క సరిచేసుకుంటుంది, ఇదంతా 1970లలో, మొదట్లో ఉన్నది అనలాగ్ కంప్యూటర్, డిజిటల్ తర్వాత వచ్చింది.

ఒక్కో గన్ను నిమిషానికి 550 షెల్స్, రెండూ కలిపి 1,100, అంటే సెకనుకి 18. విమానాల కోసం లోపల పెట్టుకునేవి 640 మాత్రమే కాబట్టి ఆపకుండా కాలిస్తే 35 సెకన్లలో అయిపోతాయి, అందుకే చిన్న చిన్న విడతలుగా కాలుస్తారు. గన్నులు టరెట్ బయట పెట్టడం వల్ల కాల్చినప్పుడు వచ్చే పొగ లోపలున్నవాళ్ల మీదకి రాదు. లోపల డ్రైవర్, గన్నర్, కమాండర్ ముగ్గురే. కరెంటు కోసం విడిగా ఒక చిన్న ఇంజన్ ఉంటుంది, పెద్ద ఇంజన్ ఆపేసి గంటల తరబడి రాడార్ నడుపుకుంటూ కూర్చోవచ్చు, డ్రోన్ల కోసం రాత్రంతా కాపలా కాయాల్సిన చోట ఇది ఎంత అక్కరకొస్తుందో చెప్పక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. గన్ను రేంజ్ నాలుగైదు కిలోమీటర్లు దాటదు, కాబట్టి ఒక్క బండి కాపాడగలిగే చోటు చాలా చిన్నది, ఎత్తులో ఎగిరేదాన్ని, దూరం నుంచే మిస్సైల్ వదిలి వెనక్కి తిరిగే హెలికాప్టర్‌ని ఏమీ చేయలేదు. ఇంకో ఇబ్బంది షెల్స్‌తో వచ్చింది. జర్మనీ దగ్గరున్న నిల్వలో స్విట్జర్లాండ్‌లో తయారైనవి ఉన్నాయి, వాటిని ఉక్రెయిన్‌కి ఇవ్వడానికి తటస్థ దేశం కాబట్టి స్విస్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరికి రైన్‌మెటల్ కంపెనీ జర్మనీలోని ఉంటర్‌లూస్‌లో కొత్తగా తయారీ మొదలుపెట్టింది, 3 లక్షల షెల్స్ ఆర్డర్, మొదటి విడత 2023 సెప్టెంబర్‌లో చేరింది.

మూతి దగ్గర వేగం కొలిచే ఆ ఉపాయం తర్వాత ఇంకా ముందుకెళ్లింది. గన్నులు చేసే స్విస్ కంపెనీ ఓర్లికాన్ వాళ్లు చేసిన అహెడ్ అనే 35 ఎం.ఎం. షెల్ కోసం గొట్టం చివర మూడు కాయిల్ చుట్లు పెట్టారు, మొదటి రెండు షెల్ వేగం కొలుస్తాయి, షెల్ ఇంకా గొట్టం దాటుతుండగానే మూడోది నువ్వు ఇంతసేపటికి పేలాలి అని దానికి చెప్పేస్తుంది, అది సరిగ్గా లక్ష్యానికి కాస్త ముందు పేలి 152 టంగ్‌స్టన్ ముక్కల్ని దాని దారిలో చల్లేస్తుంది.