బ్లూస్, సోల్ కొత్త రికార్డులు: షాపు కౌంటర్ వెనక నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

శుక్రవారం వచ్చిందంటే మా షాపులో అట్టపెట్టెలు విప్పే పని. ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే విడుదల చెయ్యాలన్న పద్ధతి 2015 జూలైలో మొదలైంది. అంతకుముందు అమెరికాలో మంగళవారం ఉండేది. కొత్త సినిమా శుక్రవారం వచ్చే ఊరి నుంచి వచ్చినవాణ్ణి కదా, నాకు ఈ పద్ధతి కొత్తగా అనిపించలేదు.

చికాగోలో ఒక చిన్న రికార్డుల షాపులో బ్లూస్, సోల్ అరలు నేను చూసుకుంటాను. రెండూ అమెరికా నల్లజాతివాళ్ల సంగీతాలే. అమ్మడం ఎంత పనో, ఎవరికి ఏది నచ్చుతుందో చెప్పడం అంతకు రెండింతల పని. షాపుకొచ్చేవాళ్లు, ఇక్కడి తెలుగు మిత్రులు పదేపదే అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఇది.

అపోహ: బ్లూస్ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడొచ్చేవన్నీ పాతవాటికి నకళ్లు.

ఈ మాట అన్నవాళ్లతో వాదించను, కింగ్‌ఫిష్ అనే గిటారిస్టు రికార్డు పెడతాను. అసలు పేరు క్రిస్టోన్ ఇంగ్రమ్. 1999లో మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్‌లో పుట్టాడు. మొదటి ఆల్బమ్ 2019లో వచ్చింది. తల్లి పోయాక చేసిన రెండో ఆల్బమ్ పేరు '662', 2021లో వచ్చింది. అది ఉత్తర మిసిసిపీ ఫోన్ ఏరియా కోడ్. ఆ మరుసటి ఏడు ఆ ఆల్బమ్‌కి గ్రామీ అవార్డు వచ్చింది. 2025లో సొంత లేబుల్ (రికార్డులు తీసే కంపెనీ) మీద ఇంకో ఆల్బమ్ తెచ్చాడు. గిటార్ వాయింపులో పాతవాళ్ల నీడ ఉంటుంది, అది దాచుకునేదేం కాదు. కానీ పాటల్లో ఉన్నది ఇప్పటి కుర్రాడు, ఇప్పటి ఊరు, ఇప్పటి గొడవలు.

ఇటు చూస్తే మా ఊరి బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై ఉన్నారు. సరిగ్గా తన 89వ పుట్టినరోజున, 2025 జూలై 30న, కొత్త ఆల్బమ్ విడుదల చేశారు. ఇరవైల్లో ఉన్నవాడూ, తొంభైకి దగ్గరపడ్డాయనా ఒకే ఏడాది కొత్త రికార్డులు తెస్తుంటే ఆగిపోయిందని ఎలా అంటాం?

అపోహ: పాత శబ్దం ఉంటేనే అది అసలైన సోల్.

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే చాలాకాలం ఇది నా అపోహే.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో డాప్టోన్ అనే లేబుల్ ఉంది. 2000ల మొదట్లో పెట్టారు. కంప్యూటర్ పక్కనపెట్టి, ఎనిమిది ట్రాకుల టేపు మెషిన్ మీద రికార్డు చెయ్యడం వాళ్ల పద్ధతి. సోల్ గాయని షారన్ జోన్స్ పాడింది అక్కడే. ఆమె వెనక వాయించిన డాప్ కింగ్స్ బృందమే 2006లో బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ ఆల్బమ్ 'బ్యాక్ టు బ్లాక్'లోనూ వాయించింది. ఆ దారిలో ఇప్పుడు శాన్ డియేగో కుర్రాళ్లు, దీ సేక్రెడ్ సోల్స్ అనే బృందంవాళ్లు, ఉన్నారు. 2022లో ఒకటి, 2024లో ఒకటి, రెండు ఆల్బమ్‌లు తెచ్చారు. మెత్తటి గొంతు, తీరిగ్గా నడిచే డ్రమ్స్. షాపులో పెడితే ఎవరో ఒకరు కౌంటర్ దగ్గరికొచ్చి "ఇదెవరిది?" అని అడగని రోజు లేదు. నాకూ ఇష్టమే.

చిక్కెక్కడంటే, ఇదొక్కటే సోల్ అనుకోవడంలో. అమెరికా దక్షిణాదిలో సదరన్ సోల్ అని ఒకటుంది. మిసిసిపీలోని జాక్సన్‌లో మలాకో అనే లేబుల్ నుంచి 1982లో జెడ్. జెడ్. హిల్ పాడిన 'డౌన్ హోమ్' అనే ఆల్బమ్ వచ్చింది. పెద్ద కంపెనీలన్నీ డిస్కో మోజులో నుంచి ఇంకా తేరుకోని రోజుల్లో అది దాదాపు రెండేళ్లు సోల్ ఆల్బమ్‌ల అమ్మకాల చార్టులో నిలబడింది. ఆ ధారే ఇప్పటికీ నడుస్తోంది. కాకపోతే ఇత్తడి బూరాల చోట కీబోర్డు, డ్రమ్మర్ చోట మెషిన్ వచ్చాయి. అందుకే మా షాపులో వాటిని కింది అరలో పడేసేవాళ్లం. నేనైతే ఒకటి రెండు సార్లు "ఇది చవకబారు" అని నోరు జారాను కూడా.

ఒక శనివారం అరవై దాటిన ఒక నల్లజాతి పెద్దావిడ వచ్చి ఆ కింది అర ముందు మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతోంది. సాయం చేద్దామని వెళ్లి, నా తెలివి చూపిస్తూ డాప్టోన్ రికార్డొకటి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేసింది. "బాగుంటుంది నాయనా, నాకు తెలుసు. కానీ మా చుట్టాలంతా కలిసిన రోజు పెరట్లో ఇది వేస్తే ఎవరూ కుర్చీలోంచి లేవరు. ఇది నువ్వు కూర్చుని వినేది. నాకు కావాల్సింది మా అక్కచెల్లెళ్లు లేచి ఆడేది" అంది. ఆ రోజు నాలుగు సీడీలు కొనుక్కెళ్లింది, నాలుగూ కింది అరలోవే.

సోమవారం ఆ అర పైకి మార్చాను.

2025లో ఆ పెద్దావిడ మాట ఎంత నిజమో అందరూ చూశారు. సౌత్ కరోలినాకు చెందిన 803ఫ్రెష్ అనే గాయకుడి 'బూట్స్ ఆన్ ద గ్రౌండ్' పాటకి పెళ్లిళ్లలో, పార్కుల్లో, పార్కింగ్ స్థలాల్లో జనం వరసలు కట్టి ఆడారు. చేతిలో మడత విసనకర్ర పట్టుకుని, తాళానికి అది టక్కున విప్పాలి. వంద విసనకర్రలు ఒక్కసారి విప్పుకుంటే అదే ఒక వాయిద్యం. ఆ పాటలో ఉన్నవి కీబోర్డు, మెషిన్ డ్రమ్ములే. అన్నట్టు 803 కూడా ఏరియా కోడే. వీళ్లకి ఫోన్ నంబర్ల మీద అంత మమకారం ఎందుకో!

అప్పట్నుంచి "ఎలాంటి పాటలు ఇష్టం?" అని అడగడం మానేశాను. "ఎక్కడ వింటారు? కారులోనా, వంటింట్లోనా, నలుగురూ చేరినప్పుడా?" అని అడుగుతాను.

అపోహ: బ్లూస్ అంటే ఏడుపు పాటలు.

శనివారం రాత్రి పత్తి చేల మధ్య రేకుల షెడ్డులో నాట్యానికి పుట్టిన సంగీతమిది. బ్లూస్ గాయకుడు బాబీ రష్ కచేరీ ఒక్కటి చూస్తే చాలు, నవ్వలేక పొట్ట పట్టుకుంటారు. ఇక దీని గురించి చెప్పడానికేం లేదు.

అపోహ: బ్లూస్ అంటే మన శుద్ధ ధన్యాసి రాగమేగా!

కొంచెం కర్ణాటక సంగీతం నేర్చుకున్న తెలుగువాళ్లు పదిమంది వస్తే ఆరుగురు ఈ మాట అంటారు. కాగితం మీద నిజమే. సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశిక నిషాదం: బ్లూస్ గిటారిస్టు మొదటి రోజు నేర్చుకునే స్వరాలూ అవే. కానీ కింద వాయించే కార్డులో, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులో, ఉండేది అంతర గాంధారం. పైన గొంతు సాధారణ గాంధారం మీద వాలుతుంది, లేదా తీగను లాగి రెండు గాంధారాలకీ మధ్యలో ఎక్కడో ఆపుతుంది. ఆ రెండింటి గిల్లికజ్జాలే బ్లూస్. కింద కార్డు తీసేసి తంబూరా పెట్టండి, స్వరాలు అవే ఉంటాయి, బ్లూస్ మాత్రం ఉండదు.

ఇది పాండిత్యం కోసం చెప్పడం లేదు, రికార్డు ఎంచుకోవడానికి పనికొస్తుంది. వీణ నేర్చుకున్న ఒక స్నేహితురాలికి మొదట్లో నేనిచ్చినవేవీ ఎక్కలేదు. "గమకం లేకుండా టకటకా కొట్టేస్తున్నారు" అనేది. అప్పుడు స్లైడ్ గిటార్ వైపు మళ్లించాను. వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగ మీద జార్చి వాయించే పద్ధతి అది. డెరెక్ ట్రక్స్ అందులో దిట్ట. ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ వింటూ పెరిగినవాడు, 2006 ఆల్బమ్‌లో నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీని గిటార్ మీద వాయించాడు. భార్య సూసన్ టెడెస్కీతో కలిసి నడిపే బృందం 2022లో 'ఐ యామ్ ద మూన్' పేరుతో నాలుగు ఆల్బమ్‌లు విడుదల చేసింది. వాటికి మూలం పారశీక కవి నిజామీ రాసిన లైలా మజ్ను కథ. ఆ మాట వినగానే "అయితే మొదటి భాగం ఇవ్వు" అంది. మిగతా మూడూ కొనడానికి నెల పట్టలేదు.

అపోహ: ఇదంతా ఎందుకు, ఏం వినాలో పాటల యాప్ చెప్తుంది కదా.

యాప్ మీద నాకు కోపం లేదు. నేనూ వాడతాను. కానీ 1968 నాటి రికార్డును శుభ్రం చేసి మళ్లీ ఎక్కిస్తే చాలా యాప్‌లలో దాని మీద కొత్త సంవత్సరమే కనిపిస్తుంది. ఒకాయన "ఈ కొత్త కుర్రాడు అదరగొట్టాడండీ" అని ఫోన్ చూపించాడు. ఆ కుర్రాడు పోయి ముప్ఫై ఏళ్లయింది.

ఇలాంటప్పుడు లేబుల్ పేరు చూడటం అలవాటు చేసుకోండి. లేబుల్ అంటే ఒక మనిషి అభిరుచి. మా ఊళ్లో 1971లో జరిగిందిది. డెల్మార్క్ అనే లేబుల్లో పార్సిళ్లు కట్టే బ్రూస్ ఇగ్లావర్ అనే కుర్రాడు హౌండ్ డాగ్ టేలర్ అనే బ్లూస్ గిటారిస్టు రికార్డు తీద్దామని యజమానికి సిఫార్సు చేశాడు. ఆయన ఒప్పుకోలేదు. కుర్రాడు తనకు వారసత్వంగా వచ్చిన 2,500 డాలర్లు పెట్టి తనే తీశాడు. అలా పుట్టింది అలిగేటర్ రికార్డ్స్. నేనిందాక చెప్పిన కింగ్‌ఫిష్ మొదటి ఆల్బమ్‌లు వచ్చింది అక్కణ్ణుంచే.

అపోహ: కొత్త గొంతు అంటే కుర్ర గొంతు.

సోల్ గాయకుడు చార్లెస్ బ్రాడ్లీ మొదటి ఆల్బమ్ 2011లో వచ్చేసరికి ఆయనకి 62 ఏళ్లు. బాబీ రష్‌కి మొదటి గ్రామీ 83వ ఏట వచ్చింది. లూసియానా వడ్రంగి రాబర్ట్ ఫిన్లీ చూపు దాదాపు పోయాక, 2016లో మొదటి ఆల్బమ్ చేశారు, అరవై దాటాక. 2023లో వచ్చిన ఆయన 'బ్లాక్ బయూ' ఇప్పటికీ నా కౌంటర్ మీదే ఉంటుంది.

దానికో కారణం ఉంది. ఒక రిటైరైన పోస్ట్‌మ్యాన్ వచ్చి "బాబీ బ్లాండ్ అంటే ప్రాణం, అలాంటి కొత్తదేదైనా ఇవ్వు" అన్నారు. బ్లూస్ కదా అని గిటార్ దుమ్మురేపే రికార్డొకటి ఇచ్చాను. పది రోజులకి తిరిగి తెచ్చారు. "పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూ కూర్చున్నా" అన్నారు. తప్పు నాదే. బాబీ బ్లాండ్ జీవితంలో గిటార్ పట్టలేదు, ఆయనది వట్టి గొంతు, వెనక బూరాలు. అది మర్చిపోయి అర మీద పేరు చూసి ఇచ్చేశాను. డబ్బు వాపసిచ్చి, బ్లూస్ గాయని షెమెకియా కోప్‌లాండ్ 2024 ఆల్బమ్, ఫిన్లీది, రెండూ హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. ఫిన్లీ రెండో పాట సగంలో ఆయన కళ్లు మూసుకున్నారు. అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి, పర్సు బయటికి తీస్తూ ఒకటే అడిగారు: "ఈయన ఇన్నాళ్లూ ఎక్కడున్నాడయ్యా?"