కీళ్ల మార్పిడిలో రక్తస్రావం తగ్గించే ఇంజెక్షన్: అపోహలు - వాస్తవాలు

మోకాలు, తుంటి కీలు మార్చే ఆపరేషన్లలో ఇప్పుడు దాదాపు అందరికీ ట్రానెక్సమిక్ యాసిడ్ ఇస్తున్నాం. 1962లో జపాన్‌లో ఒకామోటో దంపతులు కనిపెట్టిన మందు ఇది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే ఆడవాళ్లకు రాసే మాత్ర కూడా ఇదే.

అపోహ: ఈ మందు రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, గుండెపోటు వస్తుంది.

వాస్తవం: కొత్తగా గడ్డ కట్టించదు. కోసిన చోట శరీరం కట్టుకున్న గడ్డను ప్లాస్మిన్ అనే ఎంజైమ్ కరిగిస్తుంటుంది, ఈ మందు దాన్ని అడ్డుకుంటుంది. మోకాలి ఆపరేషన్‌లో తొడకు బిగించిన టోర్నికే (రక్తప్రవాహాన్ని ఆపే పట్టీ) వదలగానే ఈ కరిగే పని జోరందుకుంటుంది. కోసిన ఎముక నుంచి కీలు లోపలికి, కండరాల మధ్యకు గంటల తరబడి రక్తం ఊరుతుంది. డ్రెయిన్‌లో (లోపలి రక్తాన్ని బయటికి తెచ్చే గొట్టంలో) ఏమీ కనపడకపోయినా రెండు మూడు రోజుల్లో హిమోగ్లోబిన్ పడిపోయేది అందుకే.

గుండె ముప్పు ఉన్నవారికి చేసిన రకరకాల ఆపరేషన్లపై పాయిజ్-3 అధ్యయనం 2022లో వెలువడింది. 9,535 మందిలో తీవ్ర రక్తస్రావం మందు తీసుకున్నవారికి 9.1 శాతం, తీసుకోనివారికి 11.7 శాతం. గుండె, రక్తనాళాల సమస్యలు వరుసగా 14.2, 13.9 శాతం. ముప్పు రవ్వంతైనా పెరగదని అది తేల్చలేదు. అందుకే ఈమధ్యే స్టెంట్ వేయించుకున్నవారు, కాలి సిరలో గడ్డ ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

అపోహ: ఎప్పుడిచ్చినా ఒకటే.

వాస్తవం: టోర్నికే బిగించాక ఇస్తే మందు కాలికి చేరదు. కోతకు 10-20 నిమిషాల ముందు 1 గ్రాము, 100 మి.లీ. సెలైన్‌లో కలిపి పది నిమిషాల పాటు ఎక్కించాలి. సిరంజీతో గబగబా నెట్టేస్తే బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి. రెండు గంటల్లో రక్తంలో మందు సగానికి తగ్గుతుంది కాబట్టి చాలామంది కుట్లు వేసేటప్పుడు మరో గ్రాము ఇస్తారు. మందు దాదాపు అంతా మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువుంటే డోసు తగ్గించాల్సిందే, లేకపోతే ఫిట్స్ రావచ్చు.

అపోహ: మాత్ర కంటే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది.

వాస్తవం: రెండు గంటల ముందు 2 గ్రాములు, అంటే 500 మి.గ్రా. మాత్రలు నాలుగు వేసుకుంటే ఫలితం ఇంచుమించు అంతే.

అపోహ: పాత మందే కదా, దీనితో ప్రమాదమేముంది?

వాస్తవం: అసలు భయపడాల్సింది ఇక్కడే. వెన్నులో మత్తుకిచ్చే బుపివకైన్, ఈ మందు రెండూ నీళ్లలా తేటగా ఉంటాయి. ఆంప్యూల్స్ (మందు ఉండే చిన్న గాజు సీసాలు) కూడా ఒకదాన్నొకటి పోలి ఉండొచ్చు. ఒకే ట్రేలో పెడితే పొరపాటున ఇది వెన్నులోకి వెళ్లిపోతుంది. మెదడు, వెన్నుపాముల్లో నరాలను అదుపులో ఉంచే రిసెప్టర్లను అడ్డుకుంటుంది. మత్తు ఎక్కాల్సిన చోట నడుము, కాళ్లు మంటపుడతాయి, కండరాలు ఎగిరిపడతాయి, ఫిట్స్ ఆగవు, గుండె లయ తప్పుతుంది. ప్రాణాలు పోయాయి కాబట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హెచ్చరిక ఇచ్చింది. థియేటర్ సిబ్బందికి ఒక మాట: ఈ ఆంప్యూల్స్‌ను మత్తు ట్రాలీలో ఉంచకండి. వెన్ను ఇంజెక్షన్ పూర్తయ్యాకే బయటికి తీయండి. మందును సిరంజీలోకి తీసే ముందు పేరు పైకి చదవండి, రెండో మనిషి కూడా చూడాలి. సెలైన్‌లో కలిపిన వెంటనే పెద్ద అక్షరాలతో లేబుల్ అంటించండి.

అపోహ: ఇది ఇచ్చారు కాబట్టి ఆపరేషన్ తర్వాత రక్తం పలచబడే మందులు అక్కర్లేదు.

వాస్తవం: కావాలి. దీని పని కొన్ని గంటలే. కాలి సిరల్లో గడ్డ కట్టే ముప్పు వారాల పాటు ఉంటుంది. డాక్టర్ రాసిన ఆస్పిరిన్ గానీ మరొకటి గానీ సొంతంగా ఆపకండి.

అపోహ: రక్తం తక్కువున్నా ఈ ఇంజెక్షన్ చూసుకుంటుంది.

వాస్తవం: పోయే రక్తాన్ని తగ్గిస్తుందే గానీ, లేని రక్తాన్ని తేలేదు. ఆపరేషన్‌కు నెల, నెలన్నర ముందే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) పరీక్షలు చేయించండి. ఐరన్ తక్కువైతే బీట్‌రూట్, దానిమ్మ రసాలతో అంత త్వరగా సరికాదు, మాత్రలు వాడాలి. టైమ్ లేకపోతే సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. మాత్ర టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటికి పట్టదు, కనీసం గంట ఎడం ఉండాలి.