అరబ్ దేశంలో స్నేహితుల ఇంటికి వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలేయండి

కరీంనగర్‌లో పదిహేనేళ్లుగా ట్రావెల్స్ ఆఫీసు నడుపుతున్నాను. దుబాయ్, మస్కట్, దోహాల్లో ఉన్న స్నేహితులనో, పిల్లలనో చూడటానికి వెళ్లేవాళ్ల విజిట్ వీసాలు, టికెట్లు చూడటం నా పని. ఏడాదికి రెండు మూడుసార్లు చిన్న గ్రూపును తీసుకుని నేను కూడా మస్కట్ వెళ్లివస్తాను.

టికెట్ చేతికిచ్చేటప్పుడు చాలామంది కుర్చీ కాస్త ముందుకు లాక్కుని, గొంతు తగ్గించి అడుగుతారు. "బొట్టు పెట్టుకోవచ్చా అన్నా?" "బుర్ఖా ఇక్కడే కొనుక్కోవాలా?" వాళ్లే ఇంటికెళ్లి సూట్‌కేసులో పావుకిలో గసగసాలు సర్దుకుంటారు. అక్కర్లేని చోట భయపడతారు, జాగ్రత్తపడాల్సిన చోట ధీమాగా ఉంటారు. చట్టం వేరు, మర్యాద వేరు. మర్యాద తెలియక పొరపాటు చేస్తే అక్కడివాళ్లు నవ్వి సరిదిద్దుతారు. చట్టం దగ్గర "నాకు తెలియదు సార్" అన్నా వినరు.

అపోహ: ఆడవాళ్లు బుర్ఖా వేసుకోవాల్సిందే.

మస్కట్ ఉన్న ఒమన్‌లోనూ, దుబాయ్ ఉన్న యూఏఈలోనూ విదేశీ మహిళలకు అలాంటి నియమం లేదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుంటే చాలు. చీర కట్టుకుని మస్కట్‌లోని మత్రా బజారులో తిరిగేవాళ్లు ఎంతమందో. సౌదీలో కూడా 2019లో టూరిస్టు వీసాలు మొదలుపెట్టినప్పుడు విదేశీ మహిళలకు అబాయా (ఒంటి నిండా వేసుకునే వదులు గౌను) తప్పనిసరి కాదని ప్రకటించారు. ఒళ్లు కప్పే బట్టలు మాత్రం ఉండాలి.

మసీదు సంగతి వేరు. మస్కట్‌లోని సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదులోకి ముస్లిమేతరులను శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి 11 వరకు రానిస్తారు. ఆడవాళ్లు తల కప్పుకోవాలి, చేతులు మణికట్టు దాకా, కాళ్లు చీలమండల దాకా కప్పి ఉండాలి. చీరలో నడుము కనిపిస్తుంది కాబట్టి ఆ ఒక్క పూటకు ఫుల్ హ్యాండ్స్ చుడీదార్, పెద్ద చున్నీ పెట్టుకోమంటాను. ఆ మసీదు తప్పక చూడండి. ప్రార్థనా మందిరంలో పరిచిన తివాచీ ఒక్కదాని బరువే 21 టన్నులు. ఇరాన్‌లో వందలమంది మహిళలు నాలుగేళ్లు నేశారు.

అపోహ: ఇంటికి పిలిచి ఆడవాళ్లను వేరే గదిలో కూర్చోబెడితే మనల్ని తక్కువ చేసినట్టే.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నా భార్యకూ అలాగే అనిపించింది. లోపలికెళ్లి రెండు గంటల తర్వాత బయటికొచ్చిన మనిషి ముఖం వెలిగిపోతోంది. ఆ గదిలో నల్ల అబాయాలు లేవట. రంగురంగుల బట్టలు, చేతులకు గోరింటాకు, ఒకటే నవ్వులు. ఇంటావిడ తన అత్తరు సీసాలన్నీ తెచ్చి ఒక్కొక్కటీ మణికట్టు మీద రాసి చూపించిందట. పరాయి మగవాళ్లు లేరు కాబట్టి వాళ్లు స్వేచ్ఛగా ఉండే చోటు అది. అక్కడ ఫోన్ తీసి ఫోటో మాత్రం తీయకండి. ఎంత చనువిచ్చినా సరే.

అపోహ: వాళ్ల తిండి మనకు పడదు, శాకాహారి అయితే పస్తే.

శనగల ముద్ద హమ్మస్, శనగ వడల్లాంటి ఫలాఫెల్, ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్, పప్పు సూప్, ఖుబ్జ్ రొట్టె ఎక్కడైనా దొరుకుతాయి. ఒమనీ ఇంట్లో అయితే నేల మీద పెద్ద పళ్లెం పెట్టి, చుట్టూ కూర్చుని కుడిచేత్తో తింటారు. స్పూను లేదని ఇబ్బంది పడే బాధ మనకెలాగూ లేదు. మీ ముందున్న వైపు నుంచే తినండి. అరికాళ్లు ఎదుటివాళ్ల వైపు చాపకండి.

కాఫీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. జగిత్యాలకు చెందిన నా చిన్ననాటి స్నేహితుడు నన్ను ఒమన్‌లోని నిజ్వా ఊరి దగ్గర తన ఒమనీ సూపర్‌వైజర్ ఇంటికి తీసుకెళ్లాడు. మమ్మల్ని మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, కూర్చోబెట్టారు. గోడ పొడవునా దిండ్లు, మధ్యలో ఖర్జూరాల పళ్లెం. ఇంటి చిన్నకొడుకు ఎడమచేత్తో దల్లా అనే కాఫీ కూజా పట్టుకుని, కుడిచేతిలో ఫింజాన్లనే కప్పులు ఒకదానిలో ఒకటి పేర్చుకుని వచ్చాడు. పిడి లేని చిన్న కప్పు, అందులో అడుగున రెండు గుక్కల కాఫీ. పాలు, చక్కెర ఉండవు, యాలకుల వాసన ఘుమఘుమలాడుతుంది. ముందు ఖర్జూరం, తర్వాత ఆ చేదు. తాగి కప్పు చాపాను, మళ్లీ పోశాడు. వద్దంటే తప్పేమోనని అదీ తాగాను. అలా అయిదు అయ్యాయి. "కప్పు ఊపరా" అని నా స్నేహితుడు చెవిలో చెప్పాడు. ఖాళీ ఫింజాన్‌ను మణికట్టుతో అటూ ఇటూ కదిపి తిరిగిస్తే, ఇక చాలని అర్థం. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. మొదటి కప్పు మాత్రం వద్దనకండి, వాళ్లు నొచ్చుకుంటారు.

అపోహ: హిందువులు పూజ చేసుకునే వీలుండదు.

ఇది దేశాన్ని బట్టి ఉంటుంది. పాత మస్కట్‌లో వందేళ్లు దాటిన శివాలయం ఉంది, దర్సైత్‌లో కృష్ణుడి గుడి ఉంది. బహ్రెయిన్ రాజధాని మనామాలో శ్రీనాథ్‌జీ మందిరం ఎప్పటిదో. అబుదాబిలో బాప్స్ స్వామినారాయణ మందిరం 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైంది. సౌదీలో మాత్రం ఇతర మతాల బహిరంగ పూజలకు అనుమతి లేదు. బొట్టు గురించి మస్కట్‌లో ఎవరైనా ఏమన్నా అన్నారని నేను పంపినవాళ్లలో ఒక్కరు కూడా చెప్పలేదు.

అపోహ: రంజాన్ నెలలో వెళ్లకూడదు.

నన్నడిగితే వెళ్లమనే అంటాను. పగలు బయట అందరి ముందు తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం చేయకండి. ఒమన్‌లో ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. నీళ్ల సీసా అయినా సరే. సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక ఊరు నిద్రలేస్తుంది. నెల మధ్యలో ఒక రాత్రి పిల్లలు పాడుకుంటూ ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు, దాన్ని ఖరన్‌ఖషో అంటారు. మన హైదరాబాద్ హలీమ్‌కు మూలమైన హరీస్ అక్కడ ఇఫ్తార్ పళ్లెంలో కనిపిస్తుంది. ఆ వంట మనకు వచ్చింది యెమెన్ నుంచి వచ్చి హైదరాబాద్‌లోని బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బుల లాంటివాళ్ల ద్వారానే.

అపోహ: ఇంట్లో వాడే సరుకే కదా, బ్యాగులో ఏం పెట్టుకున్నా పర్లేదు.

ఇక్కడ భయపడండి. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. యూఏఈలో అవి నిషేధిత సరుకు. కూరలోకి చెంచాడే అయినా తప్పు తప్పే. ఏ గల్ఫ్ దేశానికి వెళ్లేవాళ్లకైనా నేను వద్దనే చెబుతాను. దంచిన మసాలా పొడిలో కూడా కలిశాయేమో ఇంట్లో అడగండి. కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు డాక్టరు చీటీ ఉందని తీసుకెళ్లలేరు. యూఏఈకైతే ముందే అక్కడి ఆరోగ్య శాఖ ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. "మా తమ్ముడికి ఇచ్చెయ్ అక్కా" అని ఎయిర్‌పోర్టులో ఎవరైనా ఇచ్చే పొట్లం ముట్టుకోవద్దు. యాక్సిడెంట్ జరిగితే వీడియో తీయకండి, కోపంలో వాట్సాప్‌లో తిట్టకండి. యూఏఈలో రెండూ కేసులే.

విజిట్ వీసా మీద వెళ్లి పని వెతుక్కుని చేసుకోవచ్చని చెప్పే ఏజెంటు మాట అసలు నమ్మకండి. ఆ వీసాతో పని చేయడం నేరం. జీతం ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు. ఆ మాట నమ్మి వెళ్లి, చేతిలో పైసా లేక తిరిగొచ్చిన పిల్లలను నా ఆఫీసులోనే కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

అపోహ: అరబ్బులంతా ఒకటే.

ఒమనీలు కుట్టుపని చేసిన కుమ్మా టోపీ పెడతారు, యూఏఈవాళ్లు, అంటే ఎమిరాతీలు, గుత్రా అనే తలగుడ్డ చుట్టుకుంటారు. మస్కట్‌లో బలూచీ మాట్లాడే ఒమనీలు ఉన్నారు. తాతలు జాంజిబార్‌లో ఉండి వచ్చిన కుటుంబాల్లో స్వాహిలీ వినిపిస్తుంది. హిందీ తెలిసినవాళ్లకు కొదవే లేదు. శుక్రవారం పొద్దున్నే నిజ్వా సంతకు వెళ్లండి. మేకలను తాడు పట్టుకుని గుండ్రంగా నడిపిస్తూ ధర అరుస్తుంటారు, కొనేవాళ్లు పళ్లు, పొదుగు పట్టి చూస్తారు. మన అంగడికి వెళ్లినట్టే ఉంటుంది.

పలకరింపులో తొందరపడకండి. ఆరోగ్యం, ఇల్లు, ప్రయాణం అన్నీ అడిగాకే అసలు మాటకు వస్తారు. "ఇంట్లో అందరూ బాగున్నారా" అనండి. భార్య గురించి విడిగా అడగకండి. పరాయి ఆడవాళ్లు చెయ్యి చాపితేనే మీరు చాపండి. లేదంటే గుండె మీద చెయ్యి పెట్టుకుంటే చాలు.

చివరగా ధూపం. లుబాన్ అనే చెట్టు బంకతోనో ఊద్ అనే అగరు చెక్కతోనో రాజేసిన ధూపదాని ఒక్కొక్కరి ముందుకూ వస్తుంది. మన ఇళ్లలో సాంబ్రాణి వేసినట్టే ఉంటుంది. పొగను చేత్తో బట్టల మీదికి తెచ్చుకోండి. ఊద్ వచ్చాక కూర్చోవడం లేదని అరబ్బుల సామెత. ఇక లేవొచ్చని మాటల్లో చెప్పకుండా అలా చెబుతారు. షుక్రన్ (థ్యాంక్స్) చెప్పి లేవండి. ఇంటాయన చెప్పులేసుకుని మీ కారు దాకా వస్తాడు.