కొప్పు చివర కూర్చునే ఒని: అపోహలు, వాస్తవాలు

ఫోన్ చేసినప్పుడల్లా అమ్మది ఒకటే ప్రశ్న: "ఏరా, ఆ దెయ్యం మొహాలు చేసే పని ఇంకా మానలేదా?" నేనుండేది జపాన్‌లో, ఐచి ప్రిఫెక్చర్ తకహామాలో. ఇక్కడి సాన్షూ పెంకులు దేశమంతా పోతాయి. ఇంటికప్పు రెండు వాలులు కలిసే కొప్పు చివర పెట్టే ఒనిగవరాలు, అంటే ఒని (జపాన్ దెయ్యం) పేరుమీద పిలిచే పెంకులు, చేసేవాణ్ణి ఇక్కడ ఒనిషి అంటారు. నన్నింకా ఎవరూ అలా పిలవరు. మట్టి పిసకడం దాటి, ఈమధ్యే కళ్ళు చెక్కే దాకా వచ్చాను.

అపోహ: దెయ్యాన్ని ఇంటిమీద ఎవరైనా పెట్టుకుంటారా?

పెట్టుకుంటారు. ఫిబ్రవరిలో సెత్సుబున్ నాడు "ఒని వా సోతో" (ఒనీ, బయటికి పో) అంటూ వేయించిన సోయా గింజలు విసిరేదీ వీళ్ళే, అదే ఒనిని కొప్పు మీద కాపలా పెట్టేదీ వీళ్ళే. అమ్మకి మాత్రం "మనం కొత్తింటికి కట్టే దిష్టిబొమ్మ లాంటిదేనే" అన్నాను. ఇంకేం అడగలేదు.

అపోహ: ఇది పుట్టిందే దుష్టశక్తుల కోసం.

మా పనివాళ్ళ లెక్కలో వాన ముందు, దెయ్యం తర్వాత. కొప్పు పెంకుల వరస ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆ చివర తెరిచి ఉంటే నీళ్ళు దిగి కింది కలప పుచ్చిపోతుంది. దాన్ని మూసే పలకే ఇది. 588లో కొరియాలోని బెక్జే రాజ్యం నుంచి వచ్చిన పనివాళ్ళు అసుకా-దెరా గుడి కోసం ఇక్కడ పెంకుల పని మొదలుపెట్టారు. తొలినాళ్ళ పలకల మీద ఉన్నది తామరపువ్వు. మృగాల మొహాలు నారా కాలంలో, అంటే 8వ శతాబ్దంలో వచ్చాయి. కొమ్ములైతే మురోమాచి కాలం (14-16 శతాబ్దాలు) దాకా ఆగాయి. ఇవాళ్టికీ మామూలు ఇళ్ళకు అడిగేవి ఎక్కువగా మబ్బులు, అలలు, ఇంటి చిహ్నం, అగ్గి భయానికి "నీరు" అనే అక్షరం.

అపోహ: ఎదురింటి ఒని చూపు తగిలితే మనకు కీడు.

ఇది క్యోటోలో చెప్పుకునే కథ. ఒక మందుల వ్యాపారి పెద్ద ఒనిగవరా పెట్టించాడట, ఎదురింటావిడ మంచం పట్టిందట. ఒనులను పట్టే షోకి బొమ్మ చేయించి తమ కప్పు మీద నిలబెట్టాక కోలుకుందట. నిజమెంతో గానీ, ఆ ఊరి పాత ఇళ్ళ గుమ్మాల పైచూరు మీద గడ్డం షోకిలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అపోహ: ఈ పెంకుల వెండి మెరుపు కోసం రంగు పూస్తారు.

పూయం. 1100 డిగ్రీలు దాటేలా కాల్చి, గాలి చొరబడకుండా బట్టీ మూసి లోపలికి గ్యాస్ వదులుతాం. కార్బన్ పొర పట్టి ఆ మెరుపు వస్తుంది. దాని పేరు ఇబుషి.

అపోహ: భూకంపమొస్తే మీద పడుతుంది.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1995 కోబే భూకంపం తర్వాత పెంకుల కప్పులకు చెడ్డపేరొచ్చింది. 2022 జనవరి నుంచి కొత్త ఇళ్ళ మీద పెంకులన్నీ బిగించి తీరాలి. ఒనిని తీగతో కట్టేస్తాం.

అపోహ: అన్నీ చేత్తో చెక్కినవే.

కాదు. ఇళ్ళకు వెళ్ళేవాటిలో చాలావాటికి ప్లాస్టర్ అచ్చులున్నాయి. గుళ్ళకు వెళ్ళే పెద్దవాటికి చెయ్యే దిక్కు. మట్టి సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది, కాబట్టి కాల్చాక 60 సెంటీమీటర్లు కావాలంటే పచ్చిగా 67 చెయ్యాలి. వెనక బోలుగా ఉంచాలి, ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. పోయిన చలికాలం నేనొక కొమ్మును హీటర్ పక్కన పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి దాని మొదలు దగ్గర వెంట్రుకంత పగులు! పైన ఆరి లోపల పచ్చిగా ఉంటే అంతే. మేస్త్రీ తిట్టలేదు, ఆ కొమ్ము విరిచి మట్టి తొట్టిలో పడేసి వెళ్ళిపోయాడు.

కళ్ళు ఇంకా కష్టం. ఈ మొహాన్ని జనం కిందనుంచి చూస్తారు, అందుకే కనుగుడ్లు కిందికి దించి చెక్కుతాం. బల్లమీద పెట్టి ఫొటో తీసి పంపితే అమ్మ నవ్వింది: "ఇదేంట్రా, చీవాట్లు తిన్నవాడిలా నేలచూపులు చూస్తోంది!" దాన్ని ఎత్తు బల్ల మీదికెక్కించి, నేలమీద వెల్లకిలా పడుకుని ఇంకో ఫొటో తీసి పంపాను.

"అమ్మో, తీసెయ్ రా," అంది.