అటక మీది మాట

చిట్టీ, నానీ!

మీ ఉత్తరం నిన్న చేరింది. ఎలక్యూషన్ పోటీకి తయారవుతుంటే పాత ఇంగ్లీషు డిక్షనరీలో ‘ఫకండ్’ అనే మాట కనబడిందనీ, దానికి వాక్చాతుర్యం అని అర్థమిచ్చి, ఇప్పుడు వాడుకలో లేదని పక్కన వేశారనీ రాశారు. “బాగా మాట్లాడటానికి పెట్టిన పేరునే ఎవరూ మాట్లాడకుండా ఎలా వదిలేశారు తాతయ్యా?” అని నాని అడిగాడు. మంచి ప్రశ్న. రాత్రంతా నా బుర్రలో అదే.

మా అమ్మమ్మగారింట్లో ఇత్తడి చెంబులు అటక మీద ఉండేవి. స్టీలు సామాను రాగానే పైకెక్కాయి. నాకు తొమ్మిదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో నిచ్చెన వేసుకుని ఒకటి దించాను. చిలుము పట్టి ఏ లోహమో కూడా తెలియలేదు. అమ్మమ్మ ఇంత చింతపండు, ఉప్పు చేతిలో పెట్టి “తోమరా” అంది. వేళ్లు మండేదాకా తోమితే, మెడ కింద సన్నటి చుక్కలు బయటపడ్డాయి. ఇంకా తోమితే చుక్కలు అక్షరాలయ్యాయి. అమ్మమ్మ వాళ్లమ్మ పేరు! సారెలో వచ్చిన చెంబట. నేను ఆ పేరు కూడబలుక్కుని చదివితే అమ్మమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

మీ ఫకండ్ కూడా అలాంటి చెంబే. పోత పోసింది రోములో. లాటిన్‌లో ‘ఫారి’ అంటే మాట్లాడటం, చక్కగా మాట్లాడేవాడు ‘ఫకుందుస్’. అక్కణ్నుంచి ఫ్రెంచి వాళ్లింటికి చేరింది. 1066లో ఫ్రాన్సులోని నార్మండీ నుంచి విలియం అనే ప్రభువు వచ్చి ఇంగ్లండును గెలిచాక, ఆ తర్వాతి రెండు మూడు వందల ఏళ్లలో కొత్తకోడలి వెంట సారె దిగినట్టు ఫ్రెంచి మాటలు బండ్లకొద్దీ దిగాయి. ఆ బండిలో ఇదీ వచ్చింది. 1400లో కన్నుమూసిన చాసర్ అనే కవి దీన్ని ముచ్చటపడి వాడాడు. భార్య పోయిన ఒక వీరుడు ఆమె పలుకు ఎంత తీయగా ఉండేదో తలుచుకుని కుమిలిపోయేచోట ఈ మాట ఉంది. పక్షులన్నీ సభ చేసిన ఇంకో కావ్యంలో, నీటిపక్షులు తమ తరఫున మాట్లాడమని పెద్దబాతును ముందుకు తోస్తాయి. ఆ బాతు వాగ్ధాటికీ ఇదే మాట!

మరి అటకెందుకు ఎక్కింది? అదే సారెలో ‘ఎలొక్వెన్స్’ అనే ఇంకో చెంబు వచ్చింది. ఆ వీరుడి చేత చాసర్ రెండిటినీ పక్కపక్క పాదాల్లోనే పలికించాడు. ఒకే పనికి రెండు చెంబులుంటే, చేతికి అలవాటైనదే పొయ్యి దగ్గర నిలుస్తుంది. మీ ఎలక్యూషన్ ఆ రెండో చెంబుకు చెల్లెలే. మాట బతకాలంటే రోజూ నలుగురి నోళ్లలో నానాలర్రా. అమ్మమ్మల మాటలు మీరూ కాస్త నాననివ్వండి.

ఇక తోమి చూద్దాం. అడుగున ‘ఫారి’ అన్న పేరు కనబడుతుంది. ఆ పేరే చెక్కిన గిన్నెలు ఇంగ్లీషు వంటింట్లో ఇంకా ఎన్నో! ఫేబుల్ అంటే చెప్పిన కథ. ఫేమస్ అంటే నలుగురి నోటా పడ్డవాడు. ఫేట్ అంటే దేవుళ్లు పలికేసిన మాట. మనం తలరాత అంటాం, బ్రహ్మ రాశాడంటాం. రోమన్ల దేవుళ్లు రాయలేదు, పలికారు! ఇది తెలిసిన రోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు. గ్రీకులో గొంతును ‘ఫోనే’ అంటారు, మీ నాన్న చేతిలో ఫోనుదీ ఆ వంశమే. మన కవులు పలుకు తీరును ‘భణితి’ అంటారే, అది కూడా దూరపు చుట్టం.

ఆఖరి గిన్నె ఇన్‌ఫెంట్. ‘ఇంకా మాట రానిది’ అని దాని అసలు అర్థం. మీ ఇంట్లో ఒకటి ఉందిగా, ఎనిమిది నెలలది! ఈ ఉత్తరం మడిచి దాని ఉయ్యాల పక్కన కూర్చోండి. ‘త్త’ అంటోందా, ‘బ్బ’ అంటోందా? పెదవులు కలుపుతోందా, నాలుక ఆడిస్తోందా? విన్నది విన్నట్టు తేదీ వేసి రాసి నాకు పంపండి.

మీ
తాతయ్య