గీకే ముందు ఒకసారి తాకి చూడండి

చిరంజీవులు చిన్నీకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో బుజ్జి ఏడుపు గొంతుతో "తాతయ్యా, చేపల తొట్టి పాడైపోయింది, అన్నీ తీసేసి కడిగేస్తాం" అన్నాడు. మీరు పంపిన నాలుగు ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. తొట్టి పాడవలేదు. నాచు పట్టింది, అంతే. నా మాట విని ఇప్పుడే ఏదీ కడగకండి. ఫోనులో చెబితే సగం మరిచిపోతారని ఈ ఉత్తరం రాస్తున్నాను. తొట్టి ముందు కూర్చుని చదవండి.

మెట్ల మీద కాలు జారేలా పట్టేదాన్ని పాకుడు అంటాం. నిలవ నీటి మీద తెట్టు కట్టేదాన్ని పాచి అంటాం. నీటిలో పోగులు పోగులుగా ఊగేదాన్ని నాచు అంటాం. కోనేటిలో దిగి నీళ్ళు ముంచుకున్న మన పెద్దలు కంటితోనూ అరికాలితోనూ వీటిని పోల్చుకునేవారు. మీ పని కూడా అక్కడే మొదలవుతుంది. ఒక్కో రకం ఒక్కో కారణంతో వస్తుంది కాబట్టి, ఏది వచ్చిందో తెలియకుండా గీకితే వారం తిరగకుండా మళ్ళీ వస్తుంది.

మొదటి ఫోటోలో ఇసుక మీదా రాళ్ళ మీదా ఉన్న గోధుమరంగు పొడిని గురించి బెంగపడకండి. అవి డయాటములనే కంటికి కనబడనంత చిన్న నాచులు. కొత్త తొట్టిలో మొదట్లో ఇవి రావడం మామూలే. వేలితో రాస్తే పోతాయి, తొట్టి కుదురుకున్నాక వాటంతట అవే తగ్గిపోతాయి. రెండో ఫోటోలో అద్దం మీద ఉన్న గట్టి పచ్చ చుక్కలు గుడ్డతో తుడిస్తే పోవు. నాన్నను అడిగి బ్లేడుతో గీకించండి. అద్దం మీద ఉన్నంతవరకు వాటి వల్ల ప్రమాదం లేదు. కానీ ఆకుల మీదికి కూడా పాకితే వెలుతురు ఎక్కువైందని అర్థం.

మూడో ఫోటో దగ్గర నేను చాలాసేపు ఆగాను. ముందు మూలలో, పెద్ద రాయి వెనక, నీలం కలిసిన పచ్చరంగులో దుప్పటి కప్పినట్టు ఉన్నది నిజానికి నాచు కాదు. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల గుంపు. చిన్నీ, దాన్ని ఒక అంచు పట్టుకుని మెల్లగా లాగి చూడు. పాల మీద మీగడలా పొరగా లేచి వస్తుంది. లేచిన పొర కింద చిన్న చిన్న గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి. వేలిని వాసన చూస్తే బురద కంపు కొడుతుంది. ఈ మూడూ ఉంటే ఇక అనుమానం అక్కరలేదు. చూశాక చేతులు సబ్బుతో కడుక్కో. ఆ బుడగల్లో ఉన్నది చాలావరకు ఆక్సిజనే. ఈ జీవుల పూర్వీకులే సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం భూమి గాలిలో ఆక్సిజన్ నింపడం మొదలుపెట్టాయి. మనం పీల్చే ఊపిరికి మొదట దారి వేసినవి మీ తొట్టి మూలలో కూర్చున్నాయని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అయినా వాటిని అక్కడ ఉండనివ్వకూడదు, మొక్కల్ని కప్పేస్తాయి. నీరు కదలని చోట, మడ్డి పేరుకున్న చోట అవి బాగా పెరుగుతాయి. ఆ రాయిని జరిపి, ఫిల్టర్ నుంచి వచ్చే నీరు ఆ మూలకు తగిలేలా తిప్పండి. సన్నని గొట్టంతో ఆ పొరనంతా నీటితో సహా లాగేయండి. తరువాత మూడు రోజులు దీపం వేయకుండా తొట్టి మీద నల్లగుడ్డ కప్పి ఉంచండి. గాలి మోటారు మాత్రం ఆపకండి. ఆ మూడు రోజులూ మేత వేయకపోయినా మీ చేపలకు ఏమీ కాదు. నాలుగో రోజు గుడ్డ తీసి మూడో వంతు నీరు మార్చండి. దీనికి యాంటీబయాటిక్ మందు వేసేవాళ్ళు కూడా ఉన్నారు. అది ఫిల్టర్‌లో ఉండే మంచి బాక్టీరియాను కూడా దెబ్బతీయవచ్చు, మన ఇంట్లో వద్దు.

ఇక మందు సీసాల సంగతి. ఇరవై ఏళ్ళ క్రితం నేనూ తొందరపడ్డాను. తొట్టి నిండా పోగుల నాచు పట్టిందని ఒక దుకాణంలో నాచు చంపే మందు కొని సాయంత్రం పోశాను. తెల్లవారేసరికి నాచు చచ్చింది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చచ్చిన నాచు ఒక్కసారిగా కుళ్ళుతూ నీటిలోని ఆక్సిజన్ అంతా తినేసింది. అది మే నెల. వేడి నీటిలో ఆక్సిజన్ అసలే తక్కువ నిలుస్తుందని ఆ రోజు ఆలోచించలేదు. మీ అమ్మ అప్పుడు చిన్నపిల్ల. పది చేపల్లో మూడే మిగిలితే రెండు రోజులు అన్నం తినలేదు. అందుకే మందు మాట ఎత్తితే నేను ఒప్పుకోను.

మీ తొట్టికి ఇంత నాచు ఎందుకు వచ్చిందో నాకు ఫోటోల్లోనే కనిపించింది. తొట్టిని దక్షిణం కిటికీ పక్కన పెట్టారు. జూన్‌లో పెట్టినప్పుడు అక్కడ ఎండ లేదు, ఎందుకంటే ఆ రోజుల్లో చెన్నైలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. దీపావళి దాటాక సూర్యుడు దక్షిణానికి వాలి, కిటికీలోంచి నేరుగా తొట్టి మీదికి వస్తాడు. దానికి తోడు మీరు దీపం పొద్దున బడికి వెళ్ళేటప్పుడు వేసి, రాత్రి పడుకునేటప్పుడు ఆపుతున్నారు. విడిగా కార్బన్ డయాక్సైడ్ ఎక్కించని తొట్టిలో మొక్కలు అంత వెలుతురు వాడుకోలేవు. అవి వదిలేసినదాన్ని నాచు అందుకుంటుంది. కిటికీకి మందపాటి తెర వేయండి. దీపం ఇప్పటికి రోజుకు 6 గంటలు చాలు, మొక్కలు ఊపందుకున్నాక 8 చేద్దాం.

బుజ్జీ, మేత నువ్వు రెండు పూటలా చిటికెడు వేస్తున్నానన్నావు. నీ చిటికెడు ఎంతో నాకు తెలుసు. రెండు నిమిషాల్లో చేపలు తినేసేంతే వెయ్యి. మిగిలింది అడుగున కుళ్ళి అమ్మోనియాగా మారుతుంది, నాచు దాన్ని వదలదు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగవద్దు, అందులోని బాక్టీరియా క్లోరిన్‌కు చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండండి. వారానికి నాలుగో వంతు నీరు మార్చండి, ఒక వారం మానేసి మరో వారం సగం మార్చడం కన్నా ఇదే మంచిది. షోలింగనల్లూరులో మీకు లారీ నీళ్ళే కదా, ఒక్కో లోడు ఒక్కో బోరుది కావచ్చు. కొత్త నీరు పోసే ముందు క్లోరిన్ విరిచే చుక్కలు కలపండి. మిద్దె మీది ట్యాంకు నీరు మధ్యాహ్నం కాగిపోయి ఉంటుంది, చెయ్యి పెట్టి చూసి చల్లారాకే పోయండి.

త్వరగా పెరిగే మొక్కలు ఇంకో రెండు గుప్పెళ్ళు కావాలి. హైడ్రిల్లా, వాలిస్నేరియా మా పెరంబూరు పక్కన కొళత్తూరు చేపల దుకాణాల్లో దొరుకుతాయి, నేను తెస్తాను. అక్కడ నాచు తింటుందని నోటితో అద్దానికి అతుక్కునే నల్లచేపను చూపిస్తారు. ఇప్పుడు వేలెడంత ఉన్నా అది అడుగు దాటి పెరుగుతుంది, మీ రెండడుగుల తొట్టిలో దానికి చోటెక్కడ? పెరిగాక చెరువులో వదిలేద్దామని ఎవరైనా అంటే అసలు వినకండి. ఆ జాతి ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో చేరి వలలు చింపుతుంటే జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. మీ తొట్టికి నాలుగు నెరైట్ నత్తలు చాలు. అవి పెట్టే తెల్ల చుక్కల్లాంటి గుడ్లు మంచినీటిలో పొదగవు, గోటితో గీకేస్తే సరి.

నాలుగో ఫోటో మిగిలింది. ఆనుబియాస్ ఆకు అంచున గడ్డంలా వేలాడుతున్న నల్లటి కుచ్చులు. అది మొండిది, లాగితే రాదు. మడ్డి ఎక్కువైనా, నీరు ఒక్కో వారం ఒక్కోలా ఉన్నా వస్తుంది. బాగా పట్టిన ముసలి ఆకుల్ని మొదలంటా కత్తిరించండి. ఒక్క ఆకును మాత్రం పారేయకుండా, తొట్టి నీరు నింపిన చిన్న సీసాలో నాకోసం దాచండి. చూడటానికి నల్లగా ఉన్నా అది ఎర్రనాచుల కుటుంబానిది. నేను స్పిరిట్ సీసా తెస్తాను. గాజు గ్లాసులో కాస్త స్పిరిట్ పోసి ఆ ఆకును అందులో వేద్దాం. పచ్చరంగు స్పిరిట్‌లోకి కరిగిపోయాక ఆ నల్ల కుచ్చు ఏ రంగులోకి తిరుగుతుందో మీ కళ్ళతోనే చూద్దురు గాని.

ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా వస్తాను. దీపానికి టైమర్ కూడా కొన్నాను, మీ అమ్మతో చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య