పన్నెండే ఉన్నాయని కంగారెందుకు?

చిట్టీ, బుజ్జీ,

మీ డాలస్‌లో పక్కింటాయన పాత షెవర్లే పికప్‌కి కంపెనీ వేసిన గుర్తింపు నంబరు (వీఐఎన్) కంప్యూటర్లో కొడితే, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండాల్సిన చోట 12 ఉన్నాయని తిప్పికొట్టిందా? అది దొంగ బండేమోనని మీకు అనుమానమా? కాదర్రా. అమెరికాలో 17 అక్షరాల పద్ధతి 1981 మోడళ్లతో మొదలైంది. అంతకుముందు ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే.

ఊళ్లోకి కొత్త పిల్లాడొస్తే రచ్చబండ మీద తాతలు ఊరుకుంటారా? ఎవరి తాలూకు, ఏ ఊరు, ఎప్పుడు పుట్టావు, ఎన్నోవాడివి అని ఆరా తీస్తారు. మీరు రాసిపంపిన ‘సి ఈ 1 4 9 జె’, దాని వెనకున్న ఆరంకెలూ వాటికి జవాబులే. ‘సి’ అంటే వెనక చక్రాలే లాగే బండి, ‘కె’ ఉంటే నాలుగూ లాగుతాయి. ‘ఈ’ అంటే వి-8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను, ‘ఎస్’ అయితే ఆరు సిలిండర్లది. తర్వాతి 1 అరటన్ను తరగతి (2 అయితే ముప్పావు టన్ను, 3 అయితే టన్ను). 4 అంటే పికప్ బాడీ. 9 పుట్టిన సంవత్సరం, 1969 మోడల్. ‘జె’ పుట్టిన ఊరు, విస్కాన్సిన్‌లోని జేన్స్‌విల్. అక్కడ ‘జెడ్’ ఉంటే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్, ‘ఎఫ్’ ఉంటే ఫ్లింట్, ‘ఎస్’ ఉంటే సెయింట్ లూయిస్. చివరి ఆరంకెలు ఎన్నోవాడో చెప్పే వరస నంబరు.

1972లో ఈ పిల్లాడికి ఇంటిపేరు కూడా తగిలించారు. ముందు ఇంకో అక్షరం చేరి మొత్తం 13 అయ్యాయి: షెవర్లేకి ‘సి’, అదే జనరల్ మోటార్స్ వాళ్ల ఇంకో పేరైన జీఎంసీకి ‘టి’. అది గమనించకుండా చదివితే అన్నీ ఒక గడి జరిగిపోయి చదువు తప్పుతుంది. అందుకే ముందు ఎన్నున్నాయో లెక్కపెట్టాలి.

అయితే తాతలకైనా పిల్లాడు అన్నీ చెప్పడు కదా. ఈ నంబరు వి-8 అని చెబుతుంది గానీ, ఆ ఇంజను పరిమాణం 307 ఘనపుటంగుళాలో 350యో చెప్పదు. వెనక తొట్టి పొట్టిదో పొడుగుదో కూడా చెప్పదు. దానికి టేపు తీసుకుని ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా కొలవండి: 115 అంగుళాలొస్తే పొట్టిది, 127 వస్తే పొడుగుది. గ్లవ్ బాక్సు తలుపు లోపలి కాగితం చిరగకుండా ఉంటే బండితో వచ్చిన సామాను జాబితా అందులోనే దొరుకుతుంది.

డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద నంబరు పలక ఉంటుంది. రంగు కమ్మేసి ఉంటే సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. గరుకు కాగితం వద్దు, అచ్చు అరిగిపోతుంది. పలకను విప్పే పని అసలే పెట్టుకోవద్దు, అది నేరం కిందికి వస్తుంది. చాసిస్ (బండి కింది ఇనుప చట్రం) కుడి పట్టీ మీద, అంటే డ్రైవరు పక్క సీటు వైపు కూడా అదే నంబరు కొట్టి ఉంటుంది. తుప్పులో కనబడకపోతే సుద్దముక్క అడ్డంగా రుద్ది, పైపైన తుడిచి, టార్చి పక్కనుంచి వేయండి. గాట్లలో సుద్ద నిలిచి అంకెలు తేలతాయి. పలక మీదా చాసిస్ మీదా నంబర్లు కలవకపోతే మాత్రం ఆ బండికి వేరే కథ ఉన్నట్టే. కొనేవాడు ఆగి ఆలోచించాల్సింది అక్కడే, మెరిసే పెయింటు చూసి కాదు.

ఇంజను అసలుదా అన్నది ఇంకా కష్టం. ముందు భాగంలో అదే కుడివైపు, సిలిండర్ హెడ్ (ఇంజను దిమ్మకి పైమూత) ముందరి చదును మీద మడ్డి తుడిస్తే చెక్కిన అంకెలు కనిపించాలి. అందులో ఊరి అక్షరం, ఆ ఆరంకెలూ ఉంటే బండితో పుట్టిన ఇంజనే. ఉబ్బెత్తుగా ఉండే పెద్ద అంకెలు ఇంజను దిమ్మను అచ్చులో పోసినప్పటి పోత నంబరు, ఈ ఒక్క బండిది కాదు, దాన్ని పట్టుకుని మురిసిపోకండి. చదును బోసిగా ఉన్నా మోసమని అనేయొద్దు. రిపేరులో దిమ్మ పైభాగం చదును చేస్తే నంబరు చెరిగిపోతుంది.

పక్కింటాయన్ని అడిగి, ఇంజను చల్లారాకే బానెట్ ఎత్తించండి. అక్కడ ఏముందో నాకు రాయండి.

మీ తాతయ్య